సిపాయికి చెప్పవలసిన మొదటి పాఠము

విరాటపర్వములోని ఉత్తరకుమారుని కథ ఎరుగని తెలుగువారుండరు. అంతఃపురములో స్త్రీల నడుమ కూర్చుండి, కౌరవసేనను ఒంటరిగా గెలిచి ఆవులను మరలించుకొని వస్తానని పలికిన ఆ రాకుమారుడు, తీరా ఆ సేనాసముద్రమును కంట చూడగానే గడగడ వణకి, రథము దిగి పరుగు తీసినాడు. మనము నవ్వుకొనేది కథలోని ఈ సగమునకే. రెండవ సగమును అంతగా తలచుకోము. బృహన్నల వేషములో ఉన్న అర్జునుడు వెంటపడి అతనిని పట్టుకొన్నాడు. దండించలేదు, పనికిరానివాడని ఇంటికి పంపివేయనూ లేదు. ధైర్యము చెప్పి, నీవు యుద్ధము చేయనక్కరలేదు, రథము తోలితే చాలునని, అతనికి చేతనైన పనిని చేతికిచ్చినాడు. పారిపోబోయిన ఆ పిల్లవాడే ఉత్తరగోగ్రహణములో సారథియై చివరిదాకా నిలిచినాడు.

భయపడిన కుర్రవానిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు మన పురాణకర్త చెప్పిన ఈ సమాధానమును గ్రహించుటకు గడచిన శతాబ్దపు మహాసైన్యములకు రెండు ప్రపంచయుద్ధములు పట్టినవి. ఆ చరిత్రను, ముఖ్యముగా అమెరికా సైన్యములో అది నడచిన తీరును, పాఠకుల ముందు ఉంచదలచినాము.

సైన్యములో చేరిన కుర్రవాని మొదటి వారములను ఒక్కసారి ఊహించుకొనండి. పద్దెనిమిది, పందొమ్మిదేండ్ల వయస్సు. అంతవరకు అమ్మ వడ్డించగా తిని, స్నేహితులతో తిరిగి, నిద్ర వచ్చినప్పుడు పడుకొన్నవాడు. ఒక్కనాడే జుట్టు పోయినది. సొంత బట్టలు పోయినవి. పేరు వెనుకకు పోయి నంబరు ముందుకు వచ్చినది. తెల్లవారకముందే బ్యూగిలు మ్రోగుతుంది. ఒకడు చేసిన తప్పునకు పదిమంది పరుగెత్తవలసి వస్తుంది. రాత్రి నలుబదిమంది నడుమ పడుకొని కూడ తాను ఒంటరివాడనని తోస్తుంది. ఇట్టి కాలములో కలిగే దిగులు రోగము కాదు. దానిని ఎట్లు మోయవలెనో ఎవరూ చెప్పకపోవుటయే చిక్కు. తుపాకి పట్టుట నేర్పినట్లే, భయమును, కోపమును, ఇంటి మీది బెంగను అదుపులో పెట్టుకొనే బ్రతుకునేర్పును కూడ నేర్పవచ్చునా? నేర్పితే అది నిలుస్తుందా? ఈ చరిత్రలోని అసలు ప్రశ్న ఇదే.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన నాటికి సైన్యాధికారుల దృష్టిలో సిపాయికి రెండే స్థితులు: గాయపడినవాడు, గాయపడనివాడు. కందకములలో నెలల తరబడి ఫిరంగిగుండ్ల క్రింద కూర్చున్నవారికి, ఒంటిమీద గాటైనా లేకుండ, మాట పడిపోవుట, చేతులు వణకుట, నిద్ర పట్టకపోవుట మొదలైనప్పుడు, వారిని ఏ లెక్కలో వేయవలెనో ఎవరికీ తెలియలేదు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే ఆంగ్ల వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఇట్టి ముగ్గురు సైనికుల స్థితిని వర్ణిస్తూ 'షెల్ షాక్' అనే మాటను వాడినాడు. గుండు ప్రేలినప్పుడు మెదడు అదిరి ఈ వ్యాధి కలుగుతున్నదని మొదట అనుకొన్నారు. గుండు దగ్గరకు పోనివారిలో కూడ ఇవే లక్షణములు కనబడగా, దెబ్బ తగిలినది మనస్సుకని క్రమముగా తేలినది.

ఎడింబరో నగరము చెంత క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే ఆసుపత్రిలో రివర్స్ అనే వైద్యుడు ఇట్టి సైనికోద్యోగులకు చికిత్స చేసినాడు. జరిగినదానిని మరచిపోవుటకు ప్రయత్నించుము, దానిని తలపెట్టకుము అని ఆ రోజులలో అందరూ చెప్పే సలహా ఉపకారము కంటె అపకారమే ఎక్కువ చేస్తున్నదని ఆయన 1917 డిసెంబరులో తోటి వైద్యుల సభలో వివరించినాడు. అయితే ఆ ఆసుపత్రి అధికారుల కొరకు ఏర్పడినది. సామాన్య సిపాయి గతి వేరు. విధిని విడిచి పారిపోయినారనీ, పిరికితనము చూపినారనీ, అట్టి ఇతర నేరములు చేసినారనీ బ్రిటిషు సైన్యము కాల్చివేసినవారిలో 306 మందికి 2006లో ఆ దేశపు ప్రభుత్వము మరణానంతర క్షమాభిక్ష ప్రకటించినది. వారిలో ఎందరో తుపాకి పట్టిన చేయి వణకినందుకే ప్రాణము కోల్పోయినారని నేటి చరిత్రకారుల అభిప్రాయము. క్షమాపణ వచ్చుటకు దాదాపు తొంబది ఏండ్లు పట్టినది.

అమెరికావారు ఆ యుద్ధములోనికి 1917లో దిగినారు. ఐరోపాలోని తమ సేనలకు నాయకుడైన జనరల్ పెర్షింగ్ 1918 జూలైలో స్వదేశమునకు ఒక తంతి పంపినాడు. కొత్తగా వస్తున్న దళములలో మానసికముగా సరిలేనివారు ఎక్కువగా ఉన్నారనీ, ఓడ ఎక్కకముందే వారిని ఏరివేయవలెననీ దాని సారాంశము. ఆ తంతిలోని భావమే తరువాతి యుద్ధమునకు సిద్ధాంతమై కూర్చున్నది. మనిషి యుద్ధములో విరిగిపోయినాడంటే అతడు ముందే పగిలి ఉన్నాడన్నమాట. ఆ పగుళ్ళను ముందే కనిపెట్టి అట్టివారిని జల్లెడ పట్టి వేరు చేస్తే మిగిలినది గట్టి సరుకే. వినుటకు ఇది ఎంతో సబబుగా ఉన్నది.

1940లో అమెరికాలో నిర్బంధ సైనికసేవా చట్టము వచ్చినది. యువకులు లక్షల సంఖ్యలో పరీక్షాకేంద్రములకు వచ్చినారు. ఎత్తు, బరువు, చూపు, పండ్లు చూచిన తరువాత మనోవైద్యుని బల్ల ముందు నిలబడవలెను. ఆయన వద్ద ఉన్నవి కొద్ది నిమిషములు మాత్రమే. ఆ కొద్ది నిమిషములలో, బట్టలు లేక సిగ్గుతో ముడుచుకొని నిలిచిన కుర్రవాని మనస్సు ఎంత దృఢమో తేల్చవలెను. ఈ విధముగా మానసిక కారణములు చూపి యుద్ధకాలములో 17 లక్షల మందికి పైగా యువకులను సైన్యమునకు పనికిరారని త్రిప్పి పంపినారు. ఊరిలో తోటివారందరు సైన్యములో చేరగా, 'ఫోర్-ఎఫ్' అనే ముద్రతో ఇంటిలో మిగిలిన యువకుడు ఇరుగుపొరుగుకు ఏమని చెప్పుకోవలెను? జల్లెడలో రాలిన పొట్టుకు కూడ ఒక బ్రతుకున్నదన్న సంగతి ఆనాడు ఎవరికీ పట్టలేదు.

ఇంత జల్లెడ పట్టిన తరువాత ఏమైనది? 1943 ఆరంభములో ట్యునీషియా కొండలలో అమెరికా సేనలు జర్మనులను ఎదుర్కొన్నవి. అక్కడి నుండి వెనుకకు తరలించిన రోగులలో, క్షతగాత్రులలో ఐదవ వంతునకు తక్కువ కాకుండ మనస్సు చెదరినవారే ఉన్నారు. యుద్ధము ముగియునాటికి మూడు లక్షలకు మించి సైనికులు మానసిక కారణముల మీదనే సైన్యము నుండి విడుదలైనారు. వీరందరును జల్లెడ దాటి వచ్చినవారే. పగుళ్ళు లేని మనిషి దొరుకుతాడన్న నమ్మకమే తప్పని అప్పుడు తెలిసివచ్చినది. ఎంత గట్టివానికైనను ఒక హద్దున్నది. ఆ హద్దును ముందుగా ఎవరూ కొలువలేరు.

ఈ మేలుకొలుపునకు మొదటి ఫలితము ట్యునీషియాలోనే కనబడినది. ఫ్రెడరిక్ హాన్సన్ అనే వైద్యుడు మనస్సు చెదరినవారిని వందల మైళ్ళ దూరపు ఆసుపత్రులకు పంపక, యుద్ధరంగమునకు దగ్గరలోనే ఉంచి, కంటినిండ నిద్ర, వేడి భోజనము, నాలుగు మంచిమాటలు ఏర్పాటు చేసినాడు. చాలామంది కొద్దిరోజులలో తేరుకొన్నారు. 1943 ఏప్రిల్‌లో జనరల్ బ్రాడ్లీ ఇట్టివారికందరికి పిచ్చి, వెర్రి అనే అర్థము వచ్చే పేర్లు పెట్టక 'అలసట' అని మాత్రమే వ్రాయవలెనని ఉత్తరువు చేసినాడు. పేరులో ఏమున్నదని అనుకోరాదు. పిచ్చివాడని చీటీ కట్టించుకొన్నవాడు పిచ్చివానివలెనే పడి ఉంటాడు. అలసినవాడని చెప్పించుకొన్నవాడు నిద్ర లేచి తన తుపాకి ఎక్కడున్నదని అడుగుతాడు.

అయినను పాత తలంపు ఒక్కనాడు పోలేదు. అదే సంవత్సరము ఆగస్టులో సిసిలీలో జనరల్ ప్యాటన్ ఆసుపత్రులను చూడబోయి, దేహమున గాయములేని ఇద్దరు సైనికులను వేరువేరు రోజులలో పిరికివారని తిట్టి చేయి చేసుకొన్నాడు. వారిలో ఒకనికి మలేరియా జ్వరము ఉన్నట్లు తరువాత తెలిసినది. సర్వసేనాని ఐసన్‌హోవర్ ఆయనను మందలించి, క్షమాపణ చెప్పుకోవలసినదిగా ఆదేశించినాడు. ఒకే సైన్యము, ఒకే సంవత్సరము. ఒక సేనాని అలసట అన్నదానిని మరియొక సేనాని పిరికితనమన్నాడు.

చికిత్స మాట అట్లుండగా, దెబ్బ తగులకముందే నేర్పవలసినదేమైన ఉన్నదా అన్న ఆలోచన ఇదే కాలమున మొలకెత్తినది. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ డోలర్డ్ ఒక తేలికైన పని చేసినాడు: యుద్ధము చూచినవారిని పోయి అడిగినాడు. స్పెయిను అంతర్యుద్ధములో స్వచ్ఛందముగా పోరాడి వచ్చిన 300 మంది అమెరికనులకు ప్రశ్నలు వేసి, ఆ ఫలితములను 1943లో ప్రచురించినాడు. మొదటిసారి పోరులోనికి పోతున్నప్పుడు తాము భయపడినామని వారిలో పదింట ఏడుగురు చెప్పినారు. గుండె దడదడ కొట్టుకొన్నదని, కడుపులో ఏదో జారినట్లైనదని, చేతులు వణకినవని, అరచేతులు చెమర్చినవని చెప్పినారు. ఇష్టపడి యుద్ధమునకు పోయినవారి మాటలివి. భయమును దాచుకొనుట కంటె యుద్ధమునకు ముందే దానిని ఒప్పుకొని బాహాటముగా మాటలాడుకొనుట మేలని పదిమందిలో ఎనిమిదిమంది అభిప్రాయపడినారు. ఇంత విలువైన మాటను అంతవరకు ఏ శిక్షణశిబిరములోను ఎవరూ సిపాయికి చెప్పలేదు.

అదే ఏట సిపాయి కొరకు మనస్తత్వశాస్త్రమును తేటమాటలలో చెప్పే ఒక చిన్న పుస్తకము వెలువడినది. జాతీయ పరిశోధన మండలి పూనికతో, ఎడ్విన్ బోరింగ్ అనే ఆచార్యుని సంపాదకత్వమున వచ్చిన ఆ పుస్తకము వెల 25 సెంట్లు. చీకటిలో చూచుట ఎట్లు, పుకార్లు ఎట్లు పుట్టుతవి, భయము వేసినప్పుడు దేహములో ఏమి జరుగుతుంది అన్న సంగతులు అందులో ఉన్నవి. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. ఆ రోజులలో మనస్తత్వ గ్రంథమునకు ఇట్టి ఆదరణ అరుదు. సిపాయి తన మనస్సును గురించి తెలుసుకొనుటకు ఆకలిగొని ఉన్నాడనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇక శిక్షణశిబిరముల మాట. 1942లో న్యూజెర్సీలోని ఫోర్ట్ మన్మత్ శిబిరములో మానసిక ఆరోగ్యశాఖ ఒకటి ఏర్పడినది. వైద్యుడు, మనస్తత్వవేత్త, సంఘసేవకుడు కలిసి అందులో పనిచేసేవారు. మేరీలాండులోని అబర్డీన్ శిబిరములో రాబర్ట్ కోహెన్ అనే వైద్యుడు మరి ఒక అడుగు ముందుకు వేసినాడు. కుర్రవాడు జబ్బుపడి తన వద్దకు వచ్చేదాకా ఆగక, కొత్తగా చేరిన సిపాయిలందరిని ఒకచోట కూర్చుండబెట్టి ప్రసంగించుట ఆరంభించినాడు. ఈ అనుభవమును 1943లో అమెరికా మనోవైద్యుల పత్రికలో వ్రాసినాడు. ఇంటి మీద బెంగ కలుగుట సహజము; పై అధికారి మీద కోపము వచ్చుట సహజము; నీ ఒక్కనికే ఇట్లున్నదనుకోకుము, నీ ప్రక్క మంచము మీదివానికి కూడ ఇట్లే ఉన్నది అనే ధోరణిలో సాగిన బోధ అది. ఈ చివరి మాటలోనే సగము మందున్నది. తన బాధ కంటె, ఆ బాధ తన ఒక్కనికే అన్న భ్రమ మనిషిని ఎక్కువగా క్రుంగదీస్తుంది.

1943 చివరలో విలియం మెనింజర్ అమెరికా సైన్యపు మనోవైద్యశాఖకు అధిపతియైనాడు. 1944లో ఇట్టి ప్రసంగములకు సైన్యమంతటికి ఉపయోగపడే పాఠక్రమములు తయారైనవి. గమనింపదగిన విశేషమేమనగా, పాఠములు సిపాయిలకు మాత్రమే గాక వారి అధికారులకు కూడ వేరుగా ఏర్పడినవి. భయపడినవానితో ఎట్లు మాటలాడవలెనో నాయకునికి తెలియనప్పుడు, భయమును ఒప్పుకొమ్మని సిపాయికి బోధించి ప్రయోజనమేమి?

అయితే బోధకు కూడ హద్దులున్నవి. ఆ హద్దులను లెక్కగట్టినవాడు జాన్ అపెల్ అనే సైన్య వైద్యుడు. ఇటలీ యుద్ధరంగమున పదాతిదళములను పరిశీలించి, తన సహచరుడు బీబీతో కలిసి 1946లో వ్రాసిన వ్యాసములో ఆయన ఒక కఠినసత్యమును బయటపెట్టినాడు. మొత్తము మీద 200 నుండి 240 రోజుల పోరు చూచేసరికి సగటు సిపాయి అరిగిపోతున్నాడు. బ్రిటిషు సిపాయి దాదాపు 400 రోజులు నిలుచుటకు కారణము అతని రక్తములో లేదు. అతనిని మాటిమాటికి వెనుకకు పిలిచి కొన్ని రోజులు విశ్రాంతి ఇస్తున్నారు. అనగా, విశ్రాంతి ఇయ్యక ధైర్యమును గూర్చి ప్రసంగములు చేసేవాడు, ఎద్దుకు మేత వేయక అదిలించే రైతు వంటివాడు.

యుద్ధము ముగిసిన తరువాత జల్లెడను గూర్చి కూడ విచారణ జరిగినది. మొదట మనోవైద్యులు వద్దని త్రిప్పిపంపినను తరువాత ఏదో విధమున సైన్యములో చేర్చుకొన్నవారు కొందరున్నారు. అట్టి రెండువేలమందికి పైగా సైనికుల చరిత్రలను పరిశీలించి 1951లో ప్రకటించిన ఫలితమును బట్టి, వారిలో ఐదింట నలుగురు తమ పనిని తృప్తికరముగా నిర్వర్తించినారు. పనికిరాని పొట్టు అనుకొన్నదానిలో ఎక్కువ భాగము గింజయే! కొలంబియా విశ్వవిద్యాలయమున ఎలీ గింజ్‌బర్గ్ నాయకత్వమున జరిగిన పెద్ద పరిశోధన 1959లో మూడు సంపుటములుగా వెలువడినది. సిపాయి విఫలుడగుటకు అతని స్వభావమొక్కటే కారణము కాదు, అతనిని నడిపిన నాయకుడు, అతనికిచ్చిన పని, అతడు నిలిచిన పరిస్థితి కూడ కారణములని ఆ గ్రంథము తేల్చినది.

ఆ తరువాతి కథను క్లుప్తముగా చెప్పుకొనవచ్చును. వియత్నాం యుద్ధము ముగిసిన తరువాత, 1980లో, ఘోరానుభవముల వలన కలిగే మనోవ్యాధికి అమెరికా మనోవైద్యుల జాబితాలో స్థానము లభించినది. మిషిగన్ సరస్సు ఒడ్డున గ్రేట్ లేక్స్‌లో ఉన్న నౌకాదళ శిక్షణకేంద్రములో కొత్తవారికి వారము వారము చిన్న గుంపులలో పాఠములు చెప్పి చూచినారు. చిక్కును ముక్కలుగా విడదీసి ఆలోచించుట, 'నా వల్ల కాదు' అనే తలపును నిలబెట్టి ప్రశ్నించుట, కోపమును మాటగా మార్చుట, సాయమడుగుటకు సిగ్గుపడకుండుట, ఇవే ఆ పాఠములు. 2004, 2007 సంవత్సరములలో ప్రకటించిన ఫలితములను బట్టి, పాఠములు విన్నవారిలో తోటివారితో కలివిడి పెరిగినది. చిక్కులను ఎదుర్కొనే నేర్పు మెరుగుపడినది. ఆస్ట్రేలియాలోని కొత్త సిపాయిలలో జరిగిన ఇట్టి ప్రయత్నము కూడ మంచి ఫలితమునే ఇచ్చినట్లు 2008లో ప్రకటితమైనది.

ఇది చూచి 2009లో అమెరికా సైన్యము తన లక్షలాది సైనికులకందరికి మనోదార్ఢ్యము నేర్పే బృహత్పథకమును ఆరంభించినది. కాని 2014లో ఆ దేశపు వైద్యసంస్థ జరిపిన సమీక్ష ఇట్టి పథకములు మనోవ్యాధులను నివారిస్తున్నవనుటకు తగిన ఆధారము చాలదని చెప్పినది. యుద్ధము నుండి తిరిగివచ్చిన బ్రిటిషు సైనికులపై జరిపిన ఒక పరీక్షలో పాఠముల వలన మితిమీరిన త్రాగుడు కొంచెము తగ్గినదే కాని మానసిక వ్యాధిలో చెప్పదగిన తేడా కనబడలేదు. కాబట్టి ఈ బోధ సర్వరోగనివారిణి కాదు. మొదటి వారముల దిగులును దాటించుటకు, తోటివానితో కలిసి నిలుచుటకు, వేళకు సాయమడుగుటకు ఇది పనికివస్తుంది. ఘోరయుద్ధపు గాయమును రానీయని కవచమని దీనిని నమ్ముట మాత్రము మోసపోవుటయే. ఈ రెండిటికి గల భేదమును తెలుపుటయే ఈ చరిత్ర మనకు చేసిన మేలు.

ఇది దూరదేశపు ముచ్చట కదా, మన ఇండ్లకు దీనితో పని ఏమని ఎవరైన అనవచ్చును. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము గ్రామమున తరతరాలుగా సైన్యమునకు బిడ్డలను పంపిన కుటుంబములు ఎన్నో ఉన్నవి. ఆ ఊరిని మిలిటరీ మాధవరమనియే పిలుస్తారు. గోలకొండ చెంతనున్న ఫిరంగిదళ కేంద్రములోను, సికింద్రాబాదు శిబిరములలోను దేశపు నలుమూలల నుండి వచ్చిన కుర్రవారు శిక్షణ పొందుతున్నారు. మన సైన్యములో కొత్తవానికి పని నేర్పేవానిని ఉస్తాదు అంటారు. సిపాయికి జోడుగా మరియొక సిపాయిని కలిపి, ఒకరి మంచిచెడ్డలు మరియొకరు చూచుకొనే ఏర్పాటున్నది. జవానులు తమ కష్టసుఖములను అధికారుల ముందు చెప్పుకొనే సైనిక సమ్మేళనమున్నది, పటాలమునకు ధర్మగురువున్నాడు. అబర్డీన్ వైద్యుడు ప్రసంగములలో చెప్పినదానిని నిత్యజీవితములో నిలుపగల సాధనములు ఇవి. అయితే సాధనము ఉండుట వేరు, దానిని వాడుట వేరు. ఉస్తాదు నోట వచ్చే మొదటి మాట వెక్కిరింపా, ధైర్యమా అన్నదానిని బట్టి కుర్రవాడు రెండవసారి నోరు తెరచుట గాని, మూసికొనుట గాని ఉంటుంది.

ఇందులో ఇంటివారి పాత్ర కూడ కొంత ఉన్నది. శిబిరమునకు పోయిన కుమారుడు మొదటి నెలలో ఫోను చేసి గొంతు జీరపోగా మాటలాడినప్పుడు, మగపిల్లవాడివై ఏడుస్తావేమిరా అని తండ్రి గద్దించవచ్చును. వచ్చివేయి నాయనా అని తల్లి కంటతడి పెట్టవచ్చును. ఈ రెండు మాటలును అతని భారమును పెంచేవే. అందరికీ అట్లే ఉంటుంది, తగ్గుతుంది. నీ ప్రక్కవానితో మాటలాడుతున్నావా, రాత్రి నిద్ర పట్టుతున్నదా అని అడుగుట మేలు. నిద్ర పట్టక, తిండి సయించక, బ్రతుకు మీద విరక్తి మాటలు వినవచ్చినప్పుడు మాత్రము ఉపేక్షింపక, వెంటనే శిబిరపు వైద్యునికి, అధికారికి తెలియపరచవలెను. అట్లు చెప్పుట వలన కుర్రవానికి పరువు తక్కువ అవుతుందని జంకరాదు. సాయమడుగుటను పరువు తక్కువగా ఎంచిన కాలపు ఫలితములను పైన చూచినాము.

భయము పుట్టుకతో వచ్చినది, ధైర్యము నేర్చుకొన్నది. నేర్చుకొనదగినదేదైనను నేర్పేవారు ఉండవలెను. గుండె అదిరినవాడు పిరికివాడు కాడన్న మాటను, తుపాకి చేతికిచ్చుటకు ముందే, కొత్త సిపాయికి చెప్పవలెను.